కారుకి ఐపీ రేటింగ్ ఉండదు: ఏడు నెలల కారులోకి వాన నీళ్లు ఎలా వచ్చాయో పట్టుకున్న కథ

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున. ముందు రోజు రాత్రంతా వాన. తాడిపత్రిలో చుట్టాల పెళ్లికి అమ్మను తీసుకుని బయల్దేరాను. వీధి మలుపు కూడా తిరగలేదు, అమ్మ చెప్పులు విడిచి కాళ్లు కింద పెట్టి, వెంటనే పైకి తీసేసింది.

“ఏమిరా, కాళ్ల కింద ఇంత తడిగా ఉండాది? నీళ్ల బాటిల్ ఏమన్నా ఒలికిందా?”

బాటిల్ ఏమీ ఒలకలేదు. కారు పక్కన ఆపి మ్యాట్ ఎత్తి చూశాను. కార్పెట్ మీద చెయ్యి పెట్టి నొక్కితే వేళ్ల మధ్య నుంచి నీళ్లు పైకి వచ్చాయి. కారు కొని ఏడు నెలలు. ఓడోమీటర్ మీద ఇంకా 6,000 కిలోమీటర్లు నిండలేదు. ఈఎంఐలు కట్టాల్సినవి ఇంకా నాలుగేళ్లకు పైగా ఉన్నాయి.

సాయంత్రం ఇంటికొచ్చాక నాన్న చూసి ఒకటే మాట అన్నాడు: “మన ఊర్లో వాన పడేదే యాడాదికి నాలుగు తూర్లు. అది కూడా నీ కార్లోకే రావల్లనా?”

ఆ తర్వాత ఐదు వారాలు ఈ లీక్ వెనకాలే తిరిగాను. ఒకసారి తప్పు అనుమానం, ఒకసారి తప్పు రిపేర్ (అది చేసింది నేనే), మధ్యలో ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ లైట్. మన సైట్‌లో ఫోన్ల వాటర్ రెసిస్టెన్స్ గురించి చాలా చదివాం. ఈసారి కారు వంతు. నేను నేర్చుకున్నదంతా ఒక వరుసలో పెడుతున్నా. మీ కారు ఏ కంపెనీది అయినా ఇది పనికొస్తుంది.

టైమ్ లేనివాళ్ల కోసం

- కారు నీళ్లను పూర్తిగా ఆపదు. లోపలికి వచ్చిన నీళ్లకు బయటికి దారి చూపిస్తుంది. కొత్త కారులో లీక్ అంటే చాలాసార్లు ఎక్కడో చిల్లు పడిందని కాదు, ఆ దారి మూసుకుపోయిందని.
- కాబట్టి కనిపించిన ప్రతి సందులో సిలికాన్ పూయొద్దు. ముందు దారి వెతకండి.
- సన్‌రూఫ్ డ్రెయిన్ పైపుల్లోకి కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టొద్దు. నేను కొట్టి చెడగొట్టుకున్నా.
- పైన కార్పెట్ ఆరితే ఆరినట్టు కాదు. కింద ఫోమ్ ఆరాలి.
- ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగితే ఇంట్లో ప్రయోగాలు ఆపేసి సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.

ఫోన్ ఒక లెక్క, కారు ఒక లెక్క

మనకి అలవాటైన లెక్క ఐపీ రేటింగ్. ఐపీ67 అంటే మొదటి అంకె 6, దుమ్ము అసలు లోపలికి వెళ్లదు. రెండో అంకె 7, ఒక మీటర్ లోతు మంచినీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుంది. ఐపీ68 అయితే ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్తుంది. ఫోన్‌లో ఇది సాధ్యం. ఎందుకంటే చుట్టూ జిగురు, పోర్టుల దగ్గర రబ్బరు గ్యాస్కెట్, స్పీకర్ మీద సన్నని మెంబ్రేన్ పెట్టి నీళ్లకు తలుపులన్నీ మూసేస్తారు.

కారులో అలా కుదరదు. తలుపులు తెరుచుకోవాలి, అద్దాలు కిందికి దిగాలి, ఏసీకి బయటి గాలి కావాలి. అందుకే కారు డిజైన్ చేసేవాళ్లు ఒక మొండి నిజాన్ని ఒప్పేసుకున్నారు: నీళ్లు ఎలాగూ వస్తాయి, వాటిని పట్టి బయటికి పంపుదాం. మూడు చోట్ల ఈ ఆలోచన స్పష్టంగా కనిపిస్తుంది.

డోర్: కిటికీ అద్దం పక్కనుండే రబ్బరు నీళ్లను తుడుస్తుందే కానీ పూర్తిగా ఆపదు. వాన పడ్డప్పుడల్లా కొన్ని నీళ్లు డోర్ లోపలికి దిగుతాయి. డోర్ అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. డోర్ ప్యాడ్ వెనక అతికించిన ప్లాస్టిక్ షీట్ ఆ నీళ్లు క్యాబిన్ వైపు రాకుండా చూస్తుంది.

వైపర్ల కింద: విండ్‌షీల్డ్ మీద జారిన నీళ్లన్నీ వైపర్ల కింద ఉన్న నల్ల ప్లాస్టిక్ ప్యానెల్‌లోకి పోతాయి. దాన్ని కౌల్ అంటారు. దాని రెండు పక్కలా డ్రెయిన్లు ఉంటాయి. ఏసీ బయటి గాలిని తీసుకునేది కూడా ఇక్కడి నుంచే.

సన్‌రూఫ్: అసలు కథ ఇక్కడే. సన్‌రూఫ్ గ్లాస్ చుట్టూ ఉన్న రబ్బరు వందకు వంద శాతం నీళ్లను ఆపాలని ఎవరూ ఆశించరు. దాని కింద పళ్లెం లాంటి ఒక ట్రే ఉంటుంది. రబ్బరు దాటిన నీళ్లు ఆ ట్రేలో పడి, మూలల్లో ఉన్న సన్నని పైపుల్లోంచి పిల్లర్ల లోపలగా కిందికి దిగి బయటికి పోతాయి. ముందు రెండు పైపులు విండ్‌షీల్డ్ పక్కనుండే ఏ-పిల్లర్లలో ఉంటాయి. వెనక పైపులు ఉంటే అవి వెనక పిల్లర్లలో దిగుతాయి.

చిన్న లెక్క వేద్దాం. ఒక చదరపు మీటర్ మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే ఒక లీటర్ నీళ్లు. మామూలు సైజు సన్‌రూఫ్ గ్లాస్ 0.4 చదరపు మీటర్లు అనుకోండి. 50 మిల్లీమీటర్ల వాన పడితే దాని మీద పడేది 20 లీటర్లు. అందులో ఇరవయ్యో వంతు రబ్బరు దాటినా ఒక లీటర్. ఆ లీటర్‌కి దారి దొరక్కపోతే అది వెళ్లేది మీ కార్పెట్‌లోకే.

ఈవీ ఉన్నవాళ్లకి ఒక మాట. యాడ్‌లో చూపించే ఐపీ67 సాధారణంగా బ్యాటరీ ప్యాక్‌ది, క్యాబిన్‌ది కాదు. మీ కార్పెట్ కూడా మా కార్పెట్ లాంటిదే.

కరువు సీమలో లీక్ ఏంటి?

అనంతపురం పశ్చిమ కనుమల వాన నీడలో ఉంది. నైరుతి మేఘాలు కనుమలకి అవతలే చాలావరకు కురిసేసి వస్తాయి, బంగాళాఖాతం మాకు దూరం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు, దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. అందులోనూ ఎక్కువ వాన పడే నెలలు సెప్టెంబర్, అక్టోబర్. పడితే ఒక్కోసారి ఒక్క రాత్రిలో ఊడ్చేస్తుంది. 2022 అక్టోబర్‌లో నడిమివంక పొంగి ఊళ్లో కాలనీలే మునిగాయి.

నేను మొదట అనుకున్నది ఇదే: వాన తక్కువ ఊరు కదా, కారుకి ఏమవుతుంది? తర్వాత అర్థమైంది, లెక్క తలకిందులు. కోనసీమలో కారు కొంటే మాకంటే ఎక్కువగా వాన పడి పైపుల్ని కడిగేస్తూ ఉంటుంది. మా దగ్గర నెలల తరబడి ఆ పైపుల్లోకి నీళ్ల చుక్క పోదు. పోయేది దుమ్ము. ఎర్రమట్టి దుమ్ము, వేపపూత, కోతల టైమ్‌లో గాలికి లేచే వేరుశనగ పొట్టు. సన్‌రూఫ్ పట్టాలకి రాసిన గ్రీజు దీన్నంతా పట్టుకుంటుంది. తర్వాత ఒక చిన్న జల్లు పడుతుంది, దుమ్ము బురదవుతుంది. మళ్లీ ఎండ, బురద కాస్తా గట్టిపడుతుంది. సెప్టెంబర్‌లో అసలు వాన వచ్చేసరికి పైపుకి బిరడా పెట్టినట్టు ఉంటుంది.

ఇంకోటి. కార్ల ఫ్యాక్టరీల్లో బయటికి పంపే ముందు షవర్ టెస్ట్ అని ఒకటి చేస్తారు, నాలుగు వైపుల నుంచి కారు మీద నీళ్లు కొట్టి లోపల చూస్తారు. మాకు 70 కిలోమీటర్ల దూరంలోనే పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఇలాంటి మాటలు మా ఊళ్లో టీ కొట్ల దగ్గర కూడా వినిపిస్తాయి. నా కారు అక్కడిది కాదు. ఏ కంపెనీదో కూడా చెప్పను, ఎందుకంటే ఇది ఒక బ్రాండ్ సమస్య కాదు. నేను చెప్పేది ఏంటంటే, ఆ టెస్ట్ కొత్త రబ్బరు, శుభ్రమైన పైపుల మీద జరుగుతుంది. ఏడు నెలల దుమ్ము తర్వాత ఏమవుతుందో ఆ టెస్ట్ చెప్పదు.

అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్ల ఓనర్లు సన్‌రూఫ్ డ్రెయిన్లు, వైపర్ల కింది డ్రెయిన్లు మూసుకుపోయి నీళ్లు లోపలికి వస్తున్నాయని 2007లో కోర్టుకెళ్లారు, అది సెటిల్‌మెంట్ దాకా వెళ్లింది. అంత పెద్ద కంపెనీల కార్లలో కూడా మూలం ఇదే: పైపు, చెత్త.

ఎవరి మీద అనుమానం?

సోమవారం సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ చూసి, “ఏసీ నీళ్లు సార్, డ్రెయిన్ బ్లాక్ అయ్యుంటుంది” అన్నాడు. పైపు శుభ్రం చేసి పంపించాడు. ఆయన మాట పూర్తిగా తప్పేం కాదు, ముందు ఎడమ సీటు కింద తడి అంటే అందరికీ మొదట గుర్తొచ్చేది అదే. కానీ ఐదు రోజుల తర్వాత మళ్లీ వాన, మళ్లీ తడి. ఆ ఐదు రోజులూ ఏసీ వాడుతూనే ఉన్నా, కార్పెట్ కొత్తగా తడవలేదు. అంటే ఏసీ కాదు, వానే.

బగ్ పట్టుకునేటప్పుడు చేసేదే ఇక్కడా చేశాను. లక్షణాలు చూసి అనుమానితుల లిస్ట్ రాసుకున్నా. మీకూ పనికొస్తుంది:

- ఏసీ డ్రెయిన్: వాన లేకపోయినా, ఏసీ వేసిన రోజు తడి. నీళ్లు శుభ్రంగా, వాసన లేకుండా ఉంటాయి.
- కూలెంట్ లీక్: జిగటగా, కొంచెం తియ్యటి వాసన. కారు లోపల అద్దం మీద జిడ్డు పొర. ఇది వాన నీళ్లు కాదు, వెంటనే చూపించాలి.
- డోర్ షీట్ చిరగడం: డోర్ గడప దగ్గర, డోర్ ప్యాడ్ అడుగున తడి. బయట స్పీకర్లు మార్పించుకున్న కార్లలో మొదట చూడాల్సింది ఇదే.
- వైపర్ల కింది డ్రెయిన్: ఆకులు నిండితే నీళ్లు ఏసీ బ్లోయర్ దారిలో లోపలికి వస్తాయి. క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, తడిగా ఉంటే దొరికినట్టే.
- సన్‌రూఫ్ డ్రెయిన్: ముందు సీట్ల కాళ్ల దగ్గర తడి, ఒక్కోసారి రూఫ్ లైనింగ్ అంచున మరక. మరక లేకుండా కూడా రావచ్చు.
- ఫైర్‌వాల్ రబ్బరు గ్రోమెట్: హారన్, ఫాగ్ ల్యాంప్, డ్యాష్‌క్యామ్ కోసం బయట వైరింగ్ చేయించినప్పుడు ఇంజన్ వైపు నుంచి చిల్లు పెట్టి వదిలేస్తే నీళ్లు అక్కడి నుంచి వస్తాయి.
- డిక్కీలో తడి: టెయిల్ ల్యాంప్ గ్యాస్కెట్, డిక్కీ రబ్బరు, రూఫ్ మీద యాంటెన్నా అడుగు. స్టెప్నీ తీసి దాని గుంతలో చూడండి.
- విండ్‌షీల్డ్ జిగురు: ఫ్యాక్టరీ గ్లాస్‌లో అరుదు. గ్లాస్ మార్పించిన కార్లలో అనుమానించాలి.

నా కారులో బయట ఏ వైరింగూ చేయించలేదు, గ్లాస్ మార్చలేదు. క్యాబిన్ ఫిల్టర్ పొడిగా ఉంది. మిగిలింది డోర్, సన్‌రూఫ్.

ఇంట్లో చేసిన టెస్ట్

కావాల్సినవి: తోటకి నీళ్లు పట్టే పైపు, టిష్యూ పేపర్లు, టార్చ్, ఇంకో మనిషి. నేను యూఎస్‌బీ-సీ ఎండోస్కోప్ కెమెరా కూడా తెప్పించాను, ఫోన్‌కి తగిలిస్తే సన్నని సందుల్లో కనిపిస్తుంది. అది లేకపోయినా పని ఆగదు.

మొదటి రూల్: నీళ్లు కింది నుంచి పైకి పోస్తూ రావాలి. పైనుంచి మొదలుపెడితే ఒకే దెబ్బకి అన్నీ తడుస్తాయి, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. రెండో రూల్: ప్రెషర్ వద్దు. వాటర్ సర్వీస్ గన్‌తో కొడితే మంచి కారు కూడా లీక్ అవుతుంది. పైపుని వానలా మెల్లగా పారనివ్వండి.

నాన్నని ముందు సీటులో టార్చ్ ఇచ్చి కూర్చోబెట్టాను. కాళ్ల దగ్గర, డోర్ గడప మీద, ఏ-పిల్లర్ అడుగున పొడి టిష్యూలు అతికించాను. ముందు డోర్ కింది భాగం, తర్వాత డోర్ అద్దం, తర్వాత విండ్‌షీల్డ్ అంచులు, వైపర్ల ప్యానెల్, ఒక్కో చోట పది నిమిషాలు. టిష్యూలు పొడిగానే ఉన్నాయి. నాన్న లోపల ఉక్కకి తిట్టుకుంటూ ఉన్నాడు.

ఆఖరున సన్‌రూఫ్. గ్లాస్ తెరిచి, ముందు ట్రే కుడి మూలలో ఒక గ్లాసు నీళ్లు, సుమారు 200 మిల్లీలీటర్లు, మెల్లగా పోశాను. కొన్ని సెకన్లలో కుడి డోర్ కీలు వెనక నుంచి నేల మీదికి ధార. బాగుంది. ఎడమ మూలలో అవే నీళ్లు పోశా. నీళ్లు అక్కడే నిలబడ్డాయి. కదల్లేదు. ఇంకో గ్లాసు పోయగానే ట్రే అంచు దాటింది. రెండు నిమిషాల తర్వాత లోపల నుంచి నాన్న గొంతు: “వచ్చినాయిరా!” ఏ-పిల్లర్ అడుగున టిష్యూ తడిసింది.

బగ్ దొరికింది. అంతా వీడియో తీసి పెట్టుకున్నా. ఇక్కడే ఆగి, ఆ వీడియో పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లి ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది.

నా తప్పు: కంప్రెసర్

ఆదివారం కదా, సర్వీస్ సెంటర్ మూసి ఉంది. పంక్చర్ షాపులో కంప్రెసర్ ఉంది. పైపులో చెత్త అడ్డుపడింది, గాలి కొడితే పోతుంది. ఇంత సింపుల్ పనికి వాళ్ల చుట్టూ ఎందుకు తిరగాలి అనుకున్నా. షాపు అన్న కూడా “ఒక్క నిమిషం పని సార్” అన్నాడు. ట్రే మూలలో గన్ పెట్టి రెండు సార్లు కొట్టాం. లోపల ఎక్కడో ‘టప్’ అని చిన్న శబ్దం. నీళ్లు పోసి చూస్తే సర్రున దిగిపోయాయి. సూపర్, క్లియర్ అయింది అనుకుని ఇంటికొచ్చేశా.

నేను చూడనిది ఒక్కటే: పైన పోసిన నీళ్లు కింద బయటికి వచ్చాయా లేదా అని. ఇన్‌పుట్ చూశాను, ఔట్‌పుట్ చూడలేదు. ఉద్యోగంలో జూనియర్ ఎవరైనా ఇలా టెస్ట్ చేసి క్లోజ్ చేస్తే ఊరుకోను, నా కారు దగ్గర నేనే చేశా.

తర్వాత తెలిసింది ఏంటంటే, పైపు పొడవునా చెత్త లేదు. పైపు చివర, నీళ్లు బయటికి వచ్చే చోట, ఒక రబ్బరు మూతి ఉంటుంది. దుమ్ము, పురుగులు లోపలికి రాకుండా దానికి చీలిక లాంటి సన్నని నోరు ఉంటుంది. ఎర్రమట్టి, వేపపూత కలిసి అక్కడ గట్టిపడ్డాయి. మూసుకున్న చివర మీదకి పైనుంచి గాలి కొడితే గాలి ఎటు పోతుంది? బలహీనమైన చోటికి. పైపు ఆ రబ్బరు మూతి నుంచి ఊడిపోయింది. ఆ ‘టప్’ అదే. అంతకు ముందు ట్రే నిండి పొర్లితేనే నీళ్లు లోపలికి వచ్చేవి. ఇప్పుడు ట్రేలో పడ్డ ప్రతి చుక్కా నేరుగా కార్పెట్ కిందికి.

నాలుగు రోజుల తర్వాత పెద్ద వాన పడింది. పొద్దున కారు తెరిస్తే అద్దాలన్నీ లోపల వైపు మసక, తడి గోనెసంచి వాసన. స్టార్ట్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి, ఆరలేదు.

కార్పెట్ కింద ఏముంటుంది?

అంతవరకు ఇది వాసన, చిరాకు సమస్య అనుకున్నా. ఆ లైట్ తర్వాత భయం మొదలైంది.

కారులో కార్పెట్ అంటే మన ఇంట్లో చాప లాంటిది కాదు. కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, శబ్దం రాకుండా. ఆ ఫోమ్ లీటర్ల కొద్దీ నీళ్లు పీల్చుకుంటుంది. దాని కింద, సీట్ల కింద వైరింగ్ పరుచుకుని ఉంటుంది. సీటు కింద కనిపించే పసుపు కనెక్టర్లు చూశారా? అవి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. సీటులో ఉండే సైడ్ ఎయిర్‌బ్యాగ్, బెల్ట్ ప్రీటెన్షనర్ లాంటివాటి సిగ్నల్ వాటి గుండా పోతుంది. వాటి పిన్నుల మీద తేమ చేరి పచ్చగా పాచి పడితే రెసిస్టెన్స్ మారుతుంది. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ అది గమనించి లైట్ వేస్తుంది.

ఆ లైట్ వెలుగుతోందంటే ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా పని చేస్తుందన్న నమ్మకం లేదని అర్థం. అమ్మ కూర్చునేది అదే సీటులో. మేం తరచూ వెళ్లేది 44వ జాతీయ రహదారి మీద. ఆ రోజు నుంచి లైట్ పోయేదాకా అమ్మని కారెక్కించలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పసుపు కనెక్టర్లను ఇంట్లో ఊడదీయొద్దు, క్లీనర్ స్ప్రే కొట్టొద్దు, మల్టీమీటర్ అసలే పెట్టొద్దు. ఏ-పిల్లర్ కవర్ కూడా పీకొద్దు, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో అది దాని పక్కనే ఉంటుంది. బ్యాటరీ తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, తర్వాతే వాటిని ముట్టుకోవాలి. అది ట్రైనింగ్ ఉన్నవాళ్ల పని.

ఆరబెట్టడం: ఇక్కడా బియ్యం పనిచేయదు

తడిసిన ఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ 2024లో తన సపోర్ట్ పేజీలోనే చెప్పింది. కారులో బియ్యం మూట, ఉప్పు గిన్నె, సిలికా జెల్ ప్యాకెట్లు కూడా అలాంటివే. గాలిలో కొంచెం తేమ లాగుతాయి, ఫోమ్‌లో ఉన్న లీటర్లని కాదు.

తడిసినవాటిని 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టగలిగితే బూజు పట్టకుండా చూసుకోవచ్చు. అందుకే లీక్ దొరికేదాకా ఆగకుండా ఆరబెట్టడం వెంటనే మొదలుపెట్టాలి:

1. వెట్ వ్యాక్యూమ్‌తో నీళ్లు లాగించండి. కార్ వాష్ షాపుల్లో ఉంటుంది.
2. ఫోమ్ పైకి లేపి కింద గాలి ఆడేలా చెయ్యాలి. బాగా తడిస్తే సీటు తీయక తప్పదు, అది సర్వీస్ సెంటర్‌లోనే.
3. నీడలో డోర్లు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెట్టండి. లోపలి లైట్లు ఆపేయండి, బ్యాటరీ దిగిపోతుంది.
4. డ్రైవ్ చేసేటప్పుడు ఏసీ ఆన్ చేసి ఫ్రెష్ ఎయిర్ మోడ్‌లో పెట్టండి. ఏసీ తేమని కూడా లాగుతుంది.
5. ఆరిందో లేదో చూడటానికి కార్పెట్ మీద టిష్యూ మడిచి పెట్టి మడమతో గట్టిగా నిమిషం తొక్కండి. టిష్యూ తడిస్తే ఇంకా ఆరలేదు.

నేను గదిలో పెట్టుకునే చిన్న హైగ్రోమీటర్‌ని రాత్రి కారులో పెట్టి, పొద్దున బయటి రీడింగ్‌తో పోల్చేవాణ్ణి. లోపల, బయట దాదాపు ఒకటే అయ్యాకే ఆరిందని నమ్మాను.

సర్వీస్ సెంటర్‌తో మాట్లాడటం

ఎయిర్‌బ్యాగ్ లైట్‌తో మళ్లీ వెళ్లినప్పుడు మొదట వినిపించిన మాట “వాటర్ ఎంట్రీ వారంటీలో రాదు సార్”. మన ఫోన్లకి కూడా ఇదే కదా. ఐపీ68 అని బాక్స్ మీద ఉంటుంది, నీళ్లు పోతే వారంటీ లేదంటారు.

అప్పుడు నేను వీడియో చూపించాను. మొదటి తడి రోజు ఫొటోలు తేదీతో, ఏసీ డ్రెయిన్ శుభ్రం చేసిన పాత జాబ్ కార్డ్, గ్లాసు నీళ్ల టెస్ట్. కంప్రెసర్ సంగతి కూడా దాచలేదు. చెప్పకపోతే వాళ్లు వేరేచోట వెతుకుతూ ఇంకో వారం పోయేది. మేనేజర్ దాకా వెళ్లాక ఒక ఒప్పందానికి వచ్చాం: ఊడిన పైపు, రబ్బరు మూతి ఖర్చు నాది, ఎందుకంటే ఊడదీసింది నేనే. కనెక్టర్, కార్పెట్ ఆరబెట్టడం, ఎయిర్‌బ్యాగ్ ఫాల్ట్ కోడ్ పని వాళ్లది, ఎందుకంటే మొదటిసారి తడి అని చూపించినప్పుడు వాన టెస్ట్ చేయకుండా పంపించింది వాళ్లు. నాకది న్యాయంగానే అనిపించింది.

మీరు వెళ్లినప్పుడు ఇవి చూసుకోండి:

- జాబ్ కార్డ్‌లో “వాన నీళ్లు లోపలికి వస్తున్నాయి” అని మీ మాటల్లోనే రాయించండి. “జనరల్ చెకప్” అని రాస్తే రేపు మీ దగ్గర ఆధారం ఉండదు.
- డెలివరీ తీసుకునేటప్పుడు మీ ముందే నీళ్లు పోయించి, కింద బయటికి వచ్చే చోటు చూడండి.
- ఎక్కడో సిలికాన్ పూసి పంపిస్తామంటే, ఏ లీక్ దొరికిందని పూస్తున్నారో అడగండి. బయటికి పోవాల్సిన నీళ్లకి అడ్డంగా సిలికాన్ పూస్తే సమస్య ఇంకో మూలకి వెళ్తుంది.
- మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి.
- ఇన్సూరెన్స్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. వరదలో మునిగితే కాంప్రహెన్సివ్ పాలసీ ఆదుకుంటుంది, ఇలా మెల్లగా కారిన లీక్‌కి సాధారణంగా రాదు.

ఇప్పుడు నేను చేస్తున్నది

ఏడాదికి రెండు సార్లు, మే చివర్లో ఒకసారి, ఆగస్టు చివర్లో ఒకసారి. సన్‌రూఫ్ తెరిచి ట్రేని తడి గుడ్డతో తుడుస్తాను. నాలుగు మూలల్లో ఒక్కో గ్లాసు నీళ్లు పోసి నాలుగు చోట్లా బయటికి వస్తున్నాయో చూస్తాను. నెమ్మదిగా వస్తే కింద రబ్బరు మూతిని వేళ్లతో మెల్లగా నలిపితే మట్టి రాలుతుంది. ఇంకా రాకపోతే వ్యాక్యూమ్‌తో కింది నుంచి లాగించాలి, పైనుంచి ఊదకూడదు. ఇనుప తీగ పెడితే పైపు చిల్లు పడుతుంది, అదీ వద్దు. వైపర్ల కింద ఆకులు ఏరేస్తాను. డోర్ అడుగున రంధ్రాలు అగ్గిపుల్లతో తడిమి చూస్తాను. మొత్తం పని అరగంట.

కారు వేపచెట్టు కింద పెట్టడం మానలేదు. అనంతపురం ఎండలో ఆ నీడ వదులుకోలేం, పూత రాలినా సరే.

కొత్త కారు కొనేవాళ్లు సన్‌రూఫ్ కావాలా వద్దా అని అడిగితే, వద్దని చెప్పను. వాన తక్కువ ఊరు కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు అనుకోవద్దని మాత్రం చెప్తా. డెలివరీ రోజే, టేప్ కట్ చేసి ఫొటో దిగే ముందు, షోరూమ్‌లో ఒక గ్లాసు నీళ్లు అడగండి. వాళ్లు తాగడానికి అనుకుని ఇస్తారు. మీరు సన్‌రూఫ్ మూలలో పోసి, కింద ఎక్కడ వస్తుందో చూసుకోండి. ఆ చోటు ఫొటో తీసి పెట్టుకుంటే వాన వచ్చిన రోజు ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది.

అక్టోబర్ చివర్లో మళ్లీ ఒక రాత్రి గట్టి వాన పడింది. పొద్దున్నే లేచి కారు దగ్గరికి వెళ్లేసరికి అమ్మ అప్పటికే డోర్ తెరిచి, చెప్పులు విడిచి, కాలితో కార్పెట్ నొక్కి చూస్తోంది. “పొడిగానే ఉండాది పో” అంది.